సుగ్గికి పోయే ఇంట్లో టీబీ మందులు ఆగకుండా చూడటం ఎలా

మాది కర్నూలు జిల్లా పడమటి వైపు ఒక పల్లె. కోతల కాలంలో కూలికి వలస పోవడాన్ని మా దగ్గర సుగ్గికి పోవడం అంటారు. పదకొండేళ్లుగా ఆశా కార్యకర్తగా చేస్తున్నాను. క్షయ నిర్మూలనకు 2017-25 జాతీయ ప్రణాళిక దిల్లీలో రాశారు, ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి నడిపింది మాత్రం మనమే. కొత్తగా చేరిన చెల్లెళ్లు అడుగుతుంటే నా పద్ధతి రాస్తున్నాను.

రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం, కళ్లెలో రక్తం. వీటిలో ఏది కనిపించినా పరీక్షకు పంపాలి. అయితే అరుగు మీద నిలబడి టీబీ మాట ఎత్తొద్దు. పెళ్లికి ఎదిగిన పిల్ల ఉన్న ఇల్లయితే ఇంక మనల్ని గడప తొక్కనివ్వరు. నేను బీపీ, షుగర్ అడుగుతూ లోపలికి వెళ్లి, కూర్చున్నాక దగ్గు సంగతి కదుపుతాను.

కళ్లె సరిగా పట్టకపోతే పరీక్షే దండగ. పొద్దున లేవగానే, ఏమీ తినకముందు, ఉత్త నీళ్లతో నోరు పుక్కిలించమనండి. ఇంట్లో వద్దు, పెరట్లో గాలి ఆడేచోట పట్టించండి. రెండుసార్లు గట్టిగా ఊపిరి పీల్చి, కాసేపు ఆపి, మూడోసారి రొమ్ము లోపలి నుంచి దగ్గాలి. డబ్బాలో పడింది చిక్కగా ఉండాలి. నీళ్లలా నురగలా ఉంటే అది ఉమ్మి, మళ్లీ పట్టించండి. పేరు డబ్బా ఒంటి మీదే రాయండి, మూత మీద రాస్తే మూతలు మారిపోతాయి.

మందులు మామూలుగా ఆరు నెలలు. మొదటి మాత్ర వేసే ముందే మూత్రం ఎర్రగా వస్తుందని చెప్పండి. నా మొదటి ఏడాది ఒక పెద్దాయనకు ఇది చెప్పలేదు. మూడో రోజు "ఏమ్మా, ఒంటికి పోతే రగతం పడుతాంది, నీ మాత్రలు నాకొద్దు" అని అట్టలు నా చేతిలో పెట్టేశాడు. ఆయన్ని మళ్లీ ఒప్పించడానికి పది రోజులు పట్టింది. ఆ పది రోజులు నాకు నిద్ర లేదు. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా మాత్రం మాత్రలు ఆపించి ఆ రోజే పీహెచ్‌సీకి (ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి) తీసుకెళ్లండి.

రెండు నెలలకు దగ్గు తగ్గి, ఒళ్లు తేలికవుతుంది. మానేసేది అప్పుడే. మా దగ్గర సరిగ్గా అదే సమయానికి గుంటూరు వైపు మిరపకోతల సుగ్గి వస్తుంది. పోవద్దని చెబితే ఎవరు వింటారు? అప్పు కళ్ల ముందుంటుంది. అందుకే నేను ముందే ఏ ఊరు, ఏ రైతు పొలం, మేస్త్రీ ఫోన్ నంబరు అన్నీ రాసుకుంటాను. పీహెచ్‌సీలో చెప్పి, టీబీ రోగుల వివరాలు ఉండే ప్రభుత్వ ఆన్‌లైన్ నమోదు నిక్షయ్‌లో ఆ రోగిని అక్కడి ఆసుపత్రికి బదిలీ చేయిస్తాను. నిక్షయ్ నంబరు చీటీ మీద రాసి మాత్రల సంచిలో పెడతాను, భార్య ఫోన్‌లోనూ ఎక్కిస్తాను. దారిలో గడిచే రోజులకు సరిపడా మాత్రలు చేతికి ఇప్పిస్తాను.

టీబీ రోగికి ప్రభుత్వం ఇచ్చే పోషణ డబ్బు 2024 నవంబరు నుంచి నెలకు 1,000 రూపాయలు. బ్యాంకు ఖాతా పని చేస్తోందో లేదో మొదటి వారంలోనే చూడండి. ఆ డబ్బుతో గుడ్లు, పప్పు, వేరుశనగ తినమని ఇంట్లో వంట చేసేవాళ్లకే చెప్పండి.

ఇంట్లో మిగిలినవాళ్లకు, ముఖ్యంగా ఐదేళ్లలోపు పిల్లలకు, జబ్బు లేదని తేల్చాక నివారణ మందు వేయించాలి. సుగ్గికి పిల్లల్ని కూడా తీసుకెళ్తారు, కాబట్టి ఈ పని ట్రాక్టర్ కదలకముందే అయిపోవాలి.