బాల్సా కట్టడం – మూడో పాఠం: కాళ్ళు వంగకుండా

బాల్సా అనే తేలిక చెక్క పుల్లల్ని అతికించి, తాను తక్కువ తూగుతూ ఎక్కువ బరువు మోసే నాలుగు కాళ్ళ కట్టడాన్ని పోటీల కోసం పిల్లల చేత కట్టించే మార్గదర్శకులకి ఈ పాఠాలు. కిందటి పాఠంలో పిల్లల చేత అతుకులు వేయించి, ఎండాక విరగ్గొట్టించాం. జిగురు పొరకి చెక్క నార అంటుకుని ఊడితే అతుకు మంచిది, నున్నగా ఊడివస్తే జిగురు పుల్లలోకి ఇంకలేదని అర్థం. ఆ పరీక్షలో ఇంకా తడబడుతున్న జట్టు ఉంటే ఈ పాఠం ఒక వారం ఆపండి. అతుకు నిలవకపోతే కాళ్ళ గురించి ఎంత చెప్పినా వృథా.

మనం పెట్టుకున్న కొలతలు మరోసారి రాసుకోండి. పుల్ల 3.2 మి.మీ. చదరం, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. పొడవు 91 సెం.మీ. కట్టడం ఎత్తు 21 సెం.మీ. జిగురుతో కలిపి మొత్తం బరువు 18 గ్రాములు దాటకూడదు. పిల్లల జట్లు సొంతంగా ఆలోచించి కట్టే ఒడిస్సీ ఆఫ్ ది మైండ్ తరహా పోటీలకి ఈ కొలతలు సరిపోతాయి. కానీ నిబంధనలు ఏటా మారతాయి కాబట్టి ఆ ఏటి కాగితం పిల్లల చేతే బిగ్గరగా చదివించండి. కొన్ని పోటీల్లో ఎంత బరువు మోసిందన్నదే లెక్క. అమెరికాలో జరిగే సైన్స్ ఒలింపియాడ్ లాంటి వాటిలో మోసిన బరువుని కట్టడం బరువుతో భాగిస్తారు. ఈ రెండింటికీ కట్టే తీరు ఒకటి కాదు.

1978లో అమెరికాలోని న్యూజెర్సీలో మొదలైన ఒడిస్సీ పోటీల్లో గట్టి నియమం ఒకటుంది. ఆలోచన, కొలత, కోత, అతుకు అన్నీ పిల్లలవే కావాలి. పెద్దవాళ్ళు పని నేర్పవచ్చు గానీ, ఆ పనిని ఈ కట్టడంలో ఎక్కడ వాడాలో చెప్పకూడదు. కాబట్టి ఈ పాఠంలో వచ్చే లెక్కలు మార్గదర్శకులైన మీకోసం. పిల్లలకి చూపించాల్సింది ప్రయోగాలే.

పుల్లల్ని తూచడం

ఒడిశాలోని రాయగడలోనో గునుపురంలోనో దుకాణానికి వెళ్ళి పుల్లలు ఏరుకునే వీలు మనకి లేదు. విశాఖ నుంచో హైదరాబాదు నుంచో కొరియర్‌లో వచ్చిన కట్టలో ఏ పుల్ల ఉంటే అదే. అందుకే కావలసిన దానికి రెట్టింపు తెప్పించండి. బాల్సా చెట్టు చాలా వేగంగా పెరుగుతుంది, అందుకే ఒకే మానులో కూడా చెక్క సాంద్రత చోటుచోటుకీ మారుతుంది. చూడటానికి ఒకేలా ఉన్న రెండు పుల్లల్లో ఒకటి 1 గ్రాము, ఇంకొకటి 2 గ్రాములు తూగడం మామూలే.

0.01 గ్రాము చూపే జేబు త్రాసు కావాలి. పుల్ల పొడవుగా ఉంటుంది కాబట్టి నేరుగా పెడితే కొనలు బల్లకి తగిలి తూకం తప్పు చూపిస్తుంది. త్రాసు మీద చిన్న గిన్నె బోర్లించి, తూకం సున్నా చేసి, దాని మీద పుల్లని అడ్డంగా పెట్టాలి. ఫ్యాను ఆపాలి. ప్రతి పుల్ల కొన మీద దాని బరువు పెన్సిలుతో రాయించండి. 1.2 గ్రాముల లోపువి ఒక కట్ట, 1.2 నుంచి 1.7 దాకా ఇంకో కట్ట, పైవి మూడో కట్ట.

ఒకే బరువున్న పుల్లలన్నీ ఒకే గట్టిదనంతో ఉండవు. బల్ల అంచు నుంచి 30 సెం.మీ. బయటికి చాచి, లోపలి వైపు బరువైన పుస్తకం పెట్టి, కొసకి రూపాయి బిళ్ళని టేపుతో అంటించి ఎంత వంగిందో స్కేలుతో కొలవాలి. మధ్యరకం పుల్ల సుమారు ఒక సెంటీమీటరు దిగుతుంది. అన్ని పుల్లలకీ అదే బిళ్ళ, అంతే టేపు వాడాలి. బరువు తక్కువగా ఉండి వంపు కూడా తక్కువగా ఉన్న పుల్ల దొరికితే పక్కన పెట్టి గుర్తు వేయించండి. కట్టలో అలాంటివి మూడో నాలుగో ఉంటాయి.

వంటింటి త్రాసు మీద నొక్కడం

ఈ పాఠానికి ప్రాణం ఈ ప్రయోగమే. తొందరపడకుండా ఒక పూట మొత్తం దీనికే ఇవ్వండి.

ఒకే పుల్లలోంచి 20 సెం.మీ. ముక్క ఒకటి, 10 సెం.మీ. ముక్క ఒకటి కోయించండి. కొనలు సరిగ్గా లంబంగా ఉండాలి, లేకపోతే ముక్క పక్కకి జారిపోతుంది. 10 కిలోల వంటింటి త్రాసు మీద 20 సెం.మీ. ముక్కని నిలబెట్టి, పైన చిన్న చెక్కముక్క ఆనించి నిదానంగా నొక్కాలి. కళ్ళకి ముక్కలు తగలకుండా కాపాడే అద్దాలు తప్పనిసరి. ఒకరు నొక్కుతుంటే ఒకరు అంకె చదవాలి, ఇంకొకరు పుల్లని పక్కనుంచి చూడాలి. ముక్కాలు కిలో, కిలో దగ్గర పుల్ల నడుము విల్లులా వంగుతుంది. విరగదు, వదిలేస్తే మళ్ళీ నిటారుగా నిలుస్తుంది. పిల్లలు ఇక్కడ ఆశ్చర్యపోతారు, ఎందుకంటే బరువు పడితే పుల్ల నలిగిపోతుందనో విరుగుతుందనో వాళ్ళు అనుకుని ఉంటారు.

ఇప్పుడు 10 సెం.మీ. ముక్క. సగం పొడవు కాబట్టి రెట్టింపు మోస్తుందని జట్టులో ఎవరో ఒకరు అంటారు. నొక్కేముందే ఆ అంచనాని కాగితం మీద రాయించండి. మూడు కిలోలు దాటాక గానీ వంగదు, అంటే సుమారు నాలుగు రెట్లు. లియొనార్డ్ ఆయిలర్ 18వ శతాబ్దంలో తేల్చిన సూత్రమిది: పొడవు సగమైతే వంగకుండా ఆగే శక్తి నాలుగింతలవుతుంది. సూత్రం పేరు తర్వాత ఎప్పుడైనా చెప్పవచ్చు. ముందు ఆ అంకెలు వాళ్ళ పుస్తకంలో వాళ్ళ చేతిరాతతో ఉండాలి.

మీకోసం ఇంకో లెక్క. మధ్యరకం పుల్ల 5 సెం.మీ. ముక్క వంగడానికి సుమారు 12 కిలోలు కావాలి. అదే పుల్ల నార నలిగిపోయే బరువు కూడా దాదాపు అంతే. అంటే ఒంటిపుల్ల కాలికి 5 సెం.మీ. కన్నా దగ్గరగా అడ్డపుల్లలు వేస్తే బరువు పెరుగుతుంది గానీ బలం పెరగదు. పిల్లలు నిచ్చెనలా రెండేసి సెంటీమీటర్లకి అడ్డపుల్ల వేసుకుంటూ పోవడం మామూలే. కాదనకండి. ఆ కట్టడాన్ని తూయమని, తర్వాత నొక్కమని చెప్పండి.

కాలు ఎన్ని పుల్లలది?

ఒంటిపుల్ల చాలదని తేలాక పిల్లలు రెండు పుల్లల్ని పక్కపక్కన అతికిస్తారు. ఒక వైపు నుంచి నొక్కితే గట్టిగా ఉంటుంది, ఇంకో వైపు వంగిపోతుంది. వెడల్పు వైపు ఎనిమిది రెట్లు పెరిగిన గట్టిదనం, పలచ వైపు రెండు రెట్లే పెరిగింది. కాలు ఎప్పుడూ తన బలహీనమైన వైపుకే వంగుతుంది. మూడు పుల్లల్ని మూలమట్టం (L) ఆకారంలో అతికిస్తే బలహీనమైన వైపు కూడా ఏడు రెట్లవుతుంది. నాలుగు పుల్లల్ని రెండు మీద రెండుగా పేర్చి అతికిస్తే పదహారు రెట్లు.

దీనివల్ల అడ్డపుల్లల దూరం మారుతుంది. మూడు పుల్లల కాలికి 7 సెం.మీ.కి ఒకటి చాలు, 21 సెం.మీ. ఎత్తులో మూడు అరలు, అంటే అడ్డపుల్లల మధ్య మూడు ఖాళీలు. నాలుగు పుల్లల కాలికి 10 సెం.మీ. దాకా వదలవచ్చు, రెండు అరలతో సరిపోతుంది. కాళ్ళకి బరువైన కట్టలోంచి, మిగతా వాటికి తేలిక కట్టలోంచి తీసుకుంటే రెండు పద్ధతుల్లోనూ చెక్క 10, 11 గ్రాముల దగ్గరే ఆగుతుంది. జిగురుకి ఒకటిన్నర గ్రాము పోయినా ఇంకా మిగులు ఉంటుంది. ఆ మిగులు ఎక్కడ ఖర్చు పెట్టాలన్నది జట్టు ఇష్టం.

కాలి పుల్లల్ని పొడవునా అతికించడానికి ఫెవిక్విక్ వద్దు. తగలగానే పట్టేస్తుంది, సరిచేసే వ్యవధి ఉండదు. మన వానాకాలపు తేమలో ఇంకా తొందరగా పడుతుంది. ఫెవికాల్‌ని వేలితో పలచగా రాసి, బయటికి వచ్చింది తుడిచేసి, ప్లాస్టిక్ కాగితం పరిచిన పలక మీద రెండు స్టీలు స్కేళ్ళ మధ్య బిగించి రాత్రంతా వదలాలి. పల్చబడుతుందని అందులో నీళ్ళు కలిపితే కాలు అరటికాయలా వంకర తిరుగుతుంది.

పొడవు సమానం చేయడం

నాలుగు కాళ్ళనీ కలిపి రబ్బరుబ్యాండు వేసి, గాజుపలక మీద పరిచిన సాండ్ పేపరు మీద కొనలు ఒకేసారి అరగదీయాలి. ఒక్కొక్కటీ విడిగా అరగదీస్తే సమానం కావు. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ ఎక్కువ కట్టడాలు ఇక్కడే పోతాయి. మూడు పుల్లల కాలు అర మిల్లీమీటరు కుదించుకుపోవాలంటే దాని మీద సుమారు 25 కిలోలు పడాలి. అంటే ఒక కాలు అర మిల్లీమీటరు పొట్టిగా ఉంటే, మిగతావి అంత బరువు మోసేదాకా అది ఖాళీగా నిలబడి ఉంటుంది. ఎగుడుదిగుడు నేల మీద నులకమంచం రెండు కోళ్ళ మీదే ఊగుతుందే, అదే జరుగుతుంది.

ఐమూల పుల్లలు

కాళ్ళు, అడ్డపుల్లలు మాత్రమే ఉన్న కట్టడాన్ని అరచేతితో పైనుంచి పక్కకి నెట్టమనండి. చతురస్రం నలిగి ఏటవాలవుతుంది. తర్వాత పిల్లల్ని ఊరి బయటికి తీసుకెళ్ళి పొలంలో మంచె చూపించండి. వంశధార ఒడ్డున మొక్కజొన్న చేలల్లో నాలుగు కాళ్ళ మంచెకి రైతు వెదురుని ఐమూలగా ఎందుకు కట్టాడో అడగమనండి. రైతుని అడగడం బయటి సాయం కిందికి రాదా అని ఒక్కోసారి సందేహం వస్తుంది. ఉన్న వస్తువుని చూసి నేర్చుకోవడం తప్పు కాదు, కానీ మీరు పక్కన నిలబడి "మనం కూడా ఇలాగే వేద్దాం" అనకూడదు.

అడ్డపుల్లలు కాళ్ళ మధ్య ఇమిడిపోతాయి కాబట్టి, ప్రతి అరలోనూ ఐమూల పుల్లల్లో ఒకటి లోపలి ముఖం మీద, ఇంకొకటి బయటి ముఖం మీద వేస్తే కోసి అతికే పని ఉండదు. రెండూ దాటే చోట మధ్యలో చిన్న బాల్సా ముక్క ఇరికించి జిగురు వేస్తే ఐమూల పుల్ల వంగే పొడవు కూడా సగమవుతుంది. నాలుగు ముఖాలకీ ఒక్కొక్క ఐమూల పుల్లే, అన్నీ ఒకే వాటంగా వేస్తే మాత్రం బరువు పడగానే కట్టడం మెలితిరుగుతుంది.

మూడు అరల కట్టడంలో అతుకులు తొంభై దాకా వస్తాయి. ఫెవిక్విక్ ట్యూబు నుంచి నేరుగా చుక్క వేస్తే ఒక్కో అతుక్కి 0.02 గ్రాము, మొత్తం దాదాపు 2 గ్రాములు. సూదిమొనతో తీసి పెడితే అందులో సగం.

సరిహద్దు ఊళ్ళలో పనిచేసేవారికి ఒక మాట. జట్టులో తెలుగు పిల్లలు, ఒడియా పిల్లలు కలిసే ఉంటారు. ఒడియాలో కాలుని "గొడొ" అంటారు, మనకి "గోడ" అంటే వేరు. బొమ్మలో ఒకరు పక్క ముఖాన్ని, ఇంకొకరు కాలుని అదే మాటతో గుర్తు పెట్టి ముక్కలు తప్పుగా కోస్తారు. మొదటి రోజే కాళ్ళకి 1 నుంచి 4, ముఖాలకి క, ఖ, గ, ఘ అని పేర్లు పెట్టుకోమనండి.

బరువు పెట్టి, విరిగింది చదవడం

పరీక్షకి జిమ్ పలకలు చాలు: 2.5, 5, 10 కిలోలవి. నాలుగు మూలలా ఇటుకలు పేర్చి పెడితే కట్టడం కూలినప్పుడు పలక వాటి మీద ఆగుతుంది, వేళ్ళు నలగవు. బూట్లు వేసుకోవాలి. పలకని దించేటప్పుడు ఇద్దరు పట్టుకుని చప్పుడు రాకుండా పెట్టాలి. ఒక్క సెంటీమీటరు పైనుంచి వదిలినా దెబ్బ దాని బరువుకి ఎన్నో రెట్లు తగులుతుంది. పలకకీ పలకకీ మధ్య పది లెక్కపెట్టాలి. ఫోనులో స్లోమోషన్ వీడియో తీయాలి, ఎందుకంటే అంతా కన్నుమూసి తెరిచేలోపు అయిపోతుంది.

కూలాక ముక్కలు ఊడ్చేయనివ్వకండి. వీడియోలో మొదట కదిలింది ఏదో వెతకమనండి. రెండు అడ్డపుల్లల మధ్య కాలు విల్లులా వంగితే దూరం ఎక్కువైంది. కాలు నిటారుగానే ఉండి అడ్డపుల్ల ఊడితే అతుకు తప్పు. కొన నార నలిగి కుచ్చులా విచ్చుకుంటే ఆ కాలు తాను మోయగలిగినంతా మోసింది. ఒకే కాలు విరిగి మిగతా మూడూ చెక్కుచెదరకపోతే పొడవులు మళ్ళీ కొలవాలి.

అప్పుడు ఎవరో ఒకరు మిమ్మల్ని అడుగుతారు: "మాస్టారూ, ఇక్కడ ఇంకో పుల్ల వేస్తే ఆగేదా?" సమాధానం మీకు తెలిసినా చెప్పకండి. "వేసింది ఒకటి, వేయనిది ఒకటి ఒక కాలే చేసి త్రాసు మీద నొక్కి చూడండమ్మా" అనండి. చాలు.

తేమ సంగతి కూడా ఉంది. బరంపురం, గోపాల్‌పూర్ వైపు సముద్రపు గాలికి, వానాకాలంలో అయితే అన్ని చోట్లా, చెక్క నీరు పీల్చుకుంటుంది. 18 గ్రాముల కట్టడం ఒక గ్రాము దాకా పెరగవచ్చు. అందుకని 17 దగ్గరే ఆగాలి. మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో, కొత్త బూట్ల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు నాలుగు వేసి దాచాలి. అదే డబ్బాలో పోటీకి తీసుకెళ్ళాలి.

వచ్చే పాఠానికి ప్రతి జట్టూ ఒకే పొడవున్న కాళ్ళు ఆరు తేవాలి: రెండు పుల్లలవి రెండు, మూడు పుల్లలవి రెండు, నాలుగు పుల్లలవి రెండు. ప్రతి దాని మీద బరువు రాసి ఉండాలి. విరిగిన ముక్కల సంచి కూడా తేవాలి, నాలుగో పాఠం ఆ సంచితోనే మొదలవుతుంది.