పూర్ణాంకాలతో శాతం లెక్కించేటప్పుడు వచ్చే తప్పులు: సమస్య - పరిష్కారం

సమస్య: శాతం సున్నాగా వస్తోంది.

ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీలో 470 మార్కులకు 395 తెచ్చుకున్న విద్యార్థికి సీ లేదా జావా ప్రోగ్రాం 0 శాతం చూపిస్తోందంటే, అందులో 395 / 470 * 100 అని రాసి ఉంటారు. రెండూ పూర్ణాంకాలైనప్పుడు ఈ భాషలు భాగహారంలో దశాంశ భాగాన్ని వదిలేస్తాయి కనుక మొదటి మెట్టులోనే 0 మిగులుతుంది. ముందు గుణించి తర్వాత భాగించండి: 395 * 100 / 470 చేస్తే 84 వస్తుంది. రెండు దశాంశ స్థానాలు కావాలంటే 10000తో గుణించాలి, అప్పుడు 8404 వస్తుంది.

సమస్య: 84.04 రావలసిన చోట 84.4 అచ్చవుతోంది.

సున్నా వెంటనే కంటపడుతుంది గానీ 84.4 నిజమైన శాతంలాగే కనిపిస్తుంది కాబట్టి, నా దృష్టిలో ఇదే ఎక్కువ ప్రమాదకరమైన తప్పు. 8404ను 100తో భాగిస్తే భాగఫలం 84, శేషం 4. ఆ రెంటి మధ్య చుక్క పెట్టి అచ్చువేస్తే శేషానికి ముందుండవలసిన సున్నా పోతుంది. శేషాన్ని ఎప్పుడూ రెండు అంకెల వెడల్పులో, ఖాళీ స్థానంలో సున్నా నింపి ముద్రించేలా ఫార్మాట్ ఇవ్వాలి. 395తో పాటు, శాతం సరిగ్గా 90.00 అయ్యే 423 మార్కులతోనూ పరీక్షించి చూడండి.

సమస్య: పెద్ద సంఖ్యలకు శాతం రుణాత్మకంగా వస్తోంది.

జావాలో ఇంట్ అనే 32 బిట్ల పూర్ణాంక రకానికి గరిష్ఠ విలువ 2,14,74,83,647. 4,00,000కు 3,00,000 ఎంత శాతమో తెలుసుకోవడానికి 10000తో గుణిస్తే లబ్ధం ఈ హద్దు దాటి రుణ సంఖ్యగా మారి, తెరపై 75.00 బదులు -32.-37 కనిపిస్తుంది. ఫలితాన్ని దాచే చరరాశిని లాంగ్‌గా (64 బిట్ల పూర్ణాంక రకంగా) ప్రకటించినంత మాత్రాన ఇది సరికాదు, ఎందుకంటే గుణకారం అప్పటికే 32 బిట్లలో జరిగిపోయి ఉంటుంది. గుణించే ముందే ఒక సంఖ్యను లాంగ్‌గా మార్చాలి. ఆర్డుయినో ఊనో ఆర్3 అనే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డులో ఇంట్ 16 బిట్లే, హద్దు 32,767, కనుక అక్కడ 395 * 100 కూడా పట్టదు.

సమస్య: చివరి అంకె ఒకటి తక్కువగా వస్తోంది.

437 మార్కులకు 92.98 రావాలి, కానీ భాగహారంలో దశాంశ భాగం పోయి 92.97 వస్తుంది. భాగించే ముందు లబ్ధానికి మొత్తం మార్కుల్లో (470) సగం, అంటే 235 కలిపితే సరిపోతుంది. ఈ పద్ధతి ధన సంఖ్యలకే వర్తిస్తుంది. అయితే పని ఎంతవరకు పూర్తయిందో చూపే పట్టీలో ఇలా సవరించకండి, ఎందుకంటే 99.996 శాతం దగ్గరే 100.00 కనిపించి, పని ముగిసిందని చూసేవారు పొరబడతారు.

భాగించే సంఖ్య, అంటే మొత్తం, సున్నా అయ్యే అవకాశముంటే, భాగహారానికి ముందే దాన్ని విడిగా పరీక్షించాలి.