వీపు స్ప్రేయర్‌తో మందు కొట్టడం, దాన్ని చూసుకోవడం ఎలా?

మందు కొట్టినా పురుగు చావకపోతే వెంటనే మందు నకిలీదేమో అంటాం. చాలాసార్లు తప్పు అరిగిన నాజిల్‌లోనో, నలిగిన వాషర్‌లోనో, లెక్క లేకుండా ట్యాంకులో ఒంపిన మూతల్లోనో ఉంటుంది. 15–16 లీటర్ల చేతి పంపు, బ్యాటరీ స్ప్రేయర్లు రెండింటికీ కింద చెప్పినవి వర్తిస్తాయి. తేడా ఉన్నచోట విడిగా చెప్పాం.

ముందు ఉత్త నీళ్లతో చూడండి

మందు కలిపాక కారడం మొదలైతే ఆ మందు మీ వీపు మీదే పడుతుంది. అందుకే ట్యాంకులో ఐదు లీటర్ల మంచినీళ్లు పోసి, ప్రెజర్ ఎక్కించి, ట్రిగ్గర్ వదిలేసి రెండు నిమిషాలు చూడండి. గొట్టం బిగింపుల దగ్గర, ట్రిగ్గర్ కింద, మూత అంచున తడి కనిపించకూడదు. ట్రిగ్గర్ వదిలాక కూడా నాజిల్ నుంచి బొట్లు పడుతుంటే లోపలి ఓ-రింగ్ (గుండ్రటి రబ్బరు రింగు) అరిగిందనో, వాల్వు దగ్గర చెత్త ఇరుక్కుందనో అర్థం. బిగింపు కారుతోందని పానాతో బలంగా తిప్పకండి. ప్లాస్టిక్ మర పోతుంది, లోపలి వాషర్ మాత్రం అలాగే ఉంటుంది. విప్పి వాషర్ మార్చాలి.

నీళ్లు పోసేటప్పుడు జల్లెడ ఉందో లేదో చూసుకోండి. త్వరగా నిండాలని దాన్ని తీసి పక్కన పెట్టేవాళ్లు ఎక్కువ. నాజిల్ పదేపదే మూసుకుపోవడానికి అదే మొదటి కారణం.

పనిని బట్టి నాజిల్

పురుగు మందుకు, తెగులు మందుకు హాలో కోన్ నాజిల్ పెట్టాలి. సన్నటి తుంపర గొడుగులా విచ్చుకుని ఆకుల సందుల్లోకి వెళ్తుంది. కలుపు మందుకు తుంపరను విసనకర్రలా పరిచే ఫ్లాట్ ఫ్యాన్ లేదా ఫ్లడ్ జెట్ నాజిల్ వాడాలి. వీటి తుంపర పెద్దది, గాలికి పక్క పైరు మీదకు కొట్టుకుపోయేది తక్కువ. కలుపు మందుకు ప్రెజర్ కూడా తక్కువే ఉండాలి, 1 నుంచి 2 బార్ (ప్రెజర్ కొలత) చాలు. ప్రెజర్ పెంచితే తుంపర పొగలా మారి గాలిలో తేలిపోతుంది.

కొత్త నాజిల్ పెట్టిన రోజే నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్లు వస్తుందో కొలపాత్రతో పట్టి రాసి పెట్టుకోండి. తర్వాత అదే ప్రెజర్ దగ్గర పట్టినప్పుడు 10 శాతం మించి ఎక్కువ వస్తే, అంటే 600 మి.లీ. బదులు 660 దాటితే, రంధ్రం అరిగినట్టే. అలాంటి నాజిల్‌ను మార్చేయండి. కంటికి అది బాగానే కొడుతున్నట్టు కనిపిస్తుంది, అదే చిక్కు.

ఎకరానికి ఎన్ని ట్యాంకులు?

చాలామంది దాటవేసే మెట్టు ఇదే, అసలు నష్టం కూడా ఇక్కడే. పొలంలో 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు స్థలం కొలిచి గుర్తు పెట్టండి. ట్యాంకులో 10 లీటర్ల నీళ్లు పోసి, నీటి మట్టం దగ్గర గీత గీయండి. మీరు రోజూ నడిచే వేగంతోనే ఆ 100 చదరపు మీటర్లు కొట్టండి. మళ్లీ గీత దాకా నీళ్లు నింపడానికి ఎన్ని లీటర్లు పట్టిందో అంతే ఖర్చయినట్టు. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు కాబట్టి వచ్చిన అంకెను 40తో గుణిస్తే సరిపోతుంది.

నాలుగున్నర లీటర్లు పట్టిందనుకోండి. ఎకరానికి 180 లీటర్లు, 15 లీటర్ల చొప్పున నింపితే 12 ట్యాంకులు. డబ్బా మీద ఎకరానికి 300 మి.లీ. అని ఉంటే ట్యాంకుకు 25 మి.లీ. పడాలి. ఇప్పుడు ఇదే స్ప్రేయర్‌ను త్వరగా నడిచే మనిషి తగిలించుకుంటే 100 చదరపు మీటర్లకు 3 లీటర్లే పట్టవచ్చు. అతని ఎకరం 8 ట్యాంకులతో పూర్తవుతుంది. అతనూ 25 మి.లీ. చొప్పున కలిపితే ఎకరానికి పడేది 200 మి.లీ. మాత్రమే, మూడో వంతు తక్కువ. కాబట్టి మనిషి మారినా, నాజిల్ మారినా లెక్క మళ్లీ వేయాలి.

కలపడం

చిక్కటి మందు చేతిలో ఉండేది ఇప్పుడే, కాబట్టి ఒంటికి అన్నిటికంటే ప్రమాదం కూడా ఇప్పుడే. నైట్రైల్ చేతి తొడుగులు, కళ్లద్దాలు, నిండు చేతుల చొక్కా ముందే వేసుకోండి. బూట్ల లోపలికి మందు కారకుండా ప్యాంటు అంచులు బూట్ల పైకి ఉంచండి.

ట్యాంకులో సగం నీళ్లు పోయండి. పొడి మందైతే చిన్న బకెట్‌లో కొద్ది నీళ్లతో ఉండలు లేకుండా జారుగా కలిపి, జల్లెడ మీదుగా వంచి, మిగతా నీళ్లు నింపండి. రెండు మూడు రకాలు కలిపేటప్పుడు పొడులు, గుళికలు ముందు, పాలలా కలిసే నూనె మందులు తర్వాత, ఆకుకు అంటించే జిగురు ద్రావణం చివర. అయితే అన్నీ కలవవు. అదే పాళ్లలో గాజు సీసాలో కలిపి అరగంట ఉంచండి. విరిగినా, అడుగున గడ్డకట్టినా వాటిని విడివిడిగానే కొట్టాలి.

నీళ్లు మురికిగా ఉండకూడదు. గ్లైఫోసేట్ లాంటి కలుపు మందు బురద రేణువులకు అతుక్కుని పని చేయకుండా పోతుంది.

కొట్టేటప్పుడు

ఆకులు మెల్లగా కదిలేంత గాలి మంచిది. కొమ్మలు ఊగుతుంటే ఆపేయండి. గాలి అసలు లేని తెల్లవారుజామున సన్న తుంపర నేలకు దిగకుండా తేలుతూ ఎటో పోతుంది, అదీ పనికిరాదు. గాలి ఎటు పోతోందో ఆ చివరి గట్టు దగ్గర మొదలుపెట్టి, గాలికి అడ్డంగా నడుస్తూ, సాలు సాలుకీ గాలి వచ్చే వైపు జరగండి. అప్పుడు కొట్టిన పైరులోంచి మళ్లీ నడవాల్సిన పని ఉండదు.

ఫ్లాట్ ఫ్యాన్ నాజిల్‌ను కలుపుకు అర మీటరు ఎత్తులో కదలకుండా పట్టుకోండి. చేతిని అటూ ఇటూ ఊపితే కొన్నిచోట్ల రెండింతలు పడుతుంది, కొన్నిచోట్ల అసలు పడదు. చేతి పంపును ఒకే లయలో కొట్టాలి.

నాజిల్ మూసుకుపోతే నోటితో ఊదకండి, పిన్ను గుచ్చకండి. పిన్నుతో రంధ్రం పెద్దదైతే ఇంతకుముందు వేసిన లెక్కంతా వృథా. మెత్తని పాత బ్రష్, నీళ్లు చాలు.

మూడుసార్లు కడగడం ఎందుకు?

ట్యాంకు ఖాళీ అయ్యాక కూడా పంపులో, గొట్టంలో కలిపి 200 మి.లీ. మందు నీళ్లు మిగిలాయనుకోండి. నాలుగున్నర లీటర్లతో ఒకేసారి కడిగితే గాఢత 23వ వంతుకు తగ్గుతుంది. అవే నీళ్లను ఒకటిన్నర లీటరు చొప్పున మూడుసార్లు పోసి, ప్రతిసారీ కుదిపి, లాన్స్ (నాజిల్ ఉండే పొడవాటి కడ్డీ) గుండా బయటికి కొట్టేస్తే 600వ వంతుకు పడిపోతుంది. ఆ నీళ్లు మందు కొట్టిన పొలంలోనే పోయాలి, కాలువలో, చెరువులో, బావి దగ్గర కాదు.

2,4-డి అనే కలుపు మందు వాడిన స్ప్రేయర్ సంగతి వేరు. గొట్టంలో మిగిలిన కాస్త మందుకే పత్తి, టమాటా ఆకులు ముడుచుకుపోతాయి. కలుపు మందుకు విడిగా ఒక స్ప్రేయర్ పెట్టుకుని, దాని మీద పెయింటుతో పెద్దగా రాయడమే అసలైన మార్గం.

తేడా వస్తే

- హ్యాండిల్ తేలిగ్గా ఆడుతోంది, ప్రెజర్ రావడం లేదు: పిస్టన్ వాషర్ అరిగింది, లేదా బాల్ వాల్వు కింద ఇసుక చేరింది. విప్పి కడగండి, లేదంటే మార్చండి.
- హ్యాండిల్ బిగుసుకుంది, తుంపర లేదు: నాజిల్ లేదా ట్రిగ్గర్‌లోని ఫిల్టర్ మూసుకుంది. విప్పే ముందు ప్రెజర్ వదిలేయండి.
- ట్యాంకు గోడలు లోపలికి పీక్కుపోతున్నాయి: మూతలోని గాలి రంధ్రం పూడుకుపోయింది.
- బ్యాటరీ పంపు తిరుగుతోంది కానీ నీళ్లు లాగడం లేదు: లోపలి ఫిల్టర్ మూసుకుంది, లేదా పీల్చే గొట్టంలోకి గాలి దూరుతోంది.
- ట్రిగ్గర్ మూసినా పంపు టక్ టక్ అని ఆగి మొదలవుతోంది: ఎక్కడో కారుతోంది, లేదా ప్రెజర్ స్విచ్ పాడైంది.

సీజన్ అయ్యాక రబ్బరు ఓ-రింగులకు సిలికాన్ గ్రీజు రాయండి. మామూలు గ్రీజుకు కొన్ని రకాల రబ్బరు ఉబ్బిపోతుంది. లెడ్-యాసిడ్ బ్యాటరీని ఖాళీగా వదిలేస్తే పలకల మీద సల్ఫేట్ పేరుకుని మళ్లీ ఛార్జ్ పట్టదు, కాబట్టి నిండా ఛార్జ్ చేసి నెలకోసారి మళ్లీ ఎక్కించండి. లిథియం బ్యాటరీ అయితే సగం ఛార్జ్‌తో పెట్టడం మేలు. ట్యాంకును మూత తీసి, తలకిందులుగా నీడలో వేలాడదీయండి. మూతను స్ప్రేయర్ హ్యాండిల్‌కే దారంతో కట్టేస్తే వచ్చే సీజన్‌కు వెతుక్కోనక్కర్లేదు.