హోస్ట్ విసెంటర్‌లో చేరనంటోందా? కేబుల్ పీకే ముందు లైసెన్స్ చూడండి

ఒక సర్వర్‌తో మొదలుపెడతాం. దాని మీద వీఎంవేర్ వాళ్ల ఈఎస్ఎక్స్ఐ (ఒకే సర్వర్‌లో పలు వర్చువల్ మెషీన్లు, అంటే వీఎంలు, నడిపే సాఫ్ట్‌వేర్) ఎక్కిస్తాం, నాలుగు వీఎంలు నడుస్తాయి, అందరూ సంతోషం. ఇలాంటి సర్వర్‌నే హోస్ట్ అంటారు. సర్వర్లు మూడయ్యాక ఒక్కోదానికీ విడివిడిగా లాగిన్ కావడం విసుగొచ్చి, అన్నిటినీ ఒకేచోటి నుంచి చూసుకునే విసెంటర్ కిందకు తెద్దామనుకుంటాం. చిక్కులు అక్కడ మొదలవుతాయి. చాలామంది స్విచ్‌నో, డీఎన్ఎస్‌నో అనుమానించి ఒక పూట పోగొట్టుకుంటారు. తీరా చూస్తే లైసెన్స్.

ఒక్క మాట గుర్తుంటే సగం పని అయినట్టే. విసెంటర్‌కి ఒక లైసెన్స్ కావాలి, దాని కింద చేరే ప్రతి హోస్ట్‌కీ దానికి తగ్గ లైసెన్స్ ఉండాలి. విసెంటర్‌కి లక్షలు పోసినా, అవతల హోస్ట్ ఉచిత లైసెన్స్ మీద ఉంటే చేరదు.

హోస్ట్‌ని చేర్చబోతే లైసెన్స్ చాలదంటూ ఆగిపోతోంది

ఇది అన్నిటికన్నా ఎక్కువగా ఎదురయ్యేది. ఆ హోస్ట్‌కి బ్రౌజర్‌లో నేరుగా లాగిన్ అవండి. మేనేజ్‌లోకి వెళ్లి లైసెన్సింగ్ ట్యాబ్ తెరవండి. అక్కడ ఫీచర్ల జాబితా ఉంటుంది. డబ్బు కట్టిన లైసెన్స్ అయితే అందులో 'విసెంటర్ ఏజెంట్ ఫర్ వీఎంవేర్ హోస్ట్' అనే వరుస కనిపిస్తుంది. ఉచిత లైసెన్స్ అయితే ఎనిమిది వర్చువల్ సీపీయూల పరిమితి గురించి ఒక్క వరుస ఉంటుంది, అంతే. ఆ ఏజెంట్ లేకపోతే విసెంటర్‌కీ హోస్ట్‌కీ మాటలు కుదరవు. బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఈ హోస్ట్ మీది వీఎంలను తీసుకోనంటే దానికీ మూలం ఇక్కడే, ఎందుకంటే ఉచిత లైసెన్స్‌లో బ్యాకప్‌కి కావలసిన స్టోరేజ్ ఏపీఐలు (బ్యాకప్ సాఫ్ట్‌వేర్ వీఎంల డిస్కులను అందుకునే దారులు) కూడా మూసి ఉంటాయి.

పరిష్కారం: అదే ట్యాబ్‌లో డబ్బు కట్టిన కీ ఇచ్చి, మళ్లీ చేర్చండి. వీఎంలు ఆపక్కర్లేదు. కీ ఇంకా చేతికి రాకపోతే, కీ వేసి వాడే పాత ఉచిత వెర్షన్లలో ఒక దారి ఉంది. ఐదేసి సున్నాలు ఐదు గుంపులుగా ఇస్తే హోస్ట్ ఇవాల్యుయేషన్ మోడ్‌కి, అంటే కీ లేకుండా 60 రోజులు వాడుకునే ట్రయల్‌కి, తిరిగి వెళ్తుంది. అయితే ఆ 60 రోజుల్లో మిగిలినవే దొరుకుతాయి. ముందు 20 రోజులు వాడేసి ఉంటే ఇక మిగిలింది 40.

ఉచిత ఈఎస్ఎక్స్ఐని, వీఎంవేర్‌ని కొన్న బ్రాడ్‌కామ్ 2024 ఫిబ్రవరిలో ఆపేసి, 2025 ఏప్రిల్‌లో 8.0 అప్‌డేట్ 3ఈతో మళ్లీ తెచ్చింది. 'మళ్లీ ఫ్రీ అయిందట కదా, అన్నీ కలిపేద్దాం' అని అడిగేవాళ్లున్నారు. ఫ్రీయే, కానీ ఒంటరిదే. విసెంటర్ కిందకు రాదు.

నిన్నటిదాకా బాగున్న హోస్ట్‌లన్నీ ఒక్కసారి డిస్‌కనెక్టెడ్ అని చూపిస్తున్నాయి

కీ వేయకుండా ఇవాల్యుయేషన్ మీదే నడుపుతుంటే, ముందు ఇన్‌స్టాల్ చేసిన తేదీ లెక్కపెట్టండి. సరిగ్గా 60 రోజులు దాటితే ఇక వేరే అనుమానాలు అక్కర్లేదు.

ఇక్కడ గడువులు రెండు, విసెంటర్‌ది వేరు, ఒక్కో హోస్ట్‌ది వేరు. విసెంటర్ గడువు తీరితే దాని కింద ఉన్న హోస్ట్‌లన్నీ తెగిపోతాయి. ఒక హోస్ట్ గడువు తీరితే అదొక్కటే తెగుతుంది. రెండు సందర్భాల్లోనూ నడుస్తున్న వీఎంలు నడుస్తూనే ఉంటాయి, అందుకే ఎవరికీ కంగారు పుట్టదు. అసలు ప్రమాదం హోస్ట్ గడువు తీరినప్పుడు. ఆ హోస్ట్ మీద ఒకసారి పవర్ ఆఫ్ చేసిన వీఎం మళ్లీ ఆన్ కాదు. విండోస్ లోపలినుంచి రీస్టార్ట్ ఇస్తే ఫర్వాలేదు, ఆ వీఎం పవర్ ఆఫ్ కాదు కాబట్టి. షట్‌డౌన్ ఇచ్చారో, అక్కడే కూర్చుంటుంది.

ఓ చిన్న కాలేజీలో ఇది కళ్లారా చూశాను. మూడు హోస్ట్‌లు వేసవి సెలవుల్లో ఒకే వారం ఎక్కించారు. కీ 'వచ్చేస్తుంది సార్' అన్న మాట మీద రోజులు గడిచాయి. హోస్ట్‌లు ఎర్రగా మారినా, పనులు జరుగుతున్నాయి కదా అని వదిలేశారు. ఓ సాయంత్రం ల్యాబ్ అసిస్టెంట్ ర్యామ్ పెంచుదామని హాజరు వీఎంని షట్‌డౌన్ చేశాడు. ర్యామ్ పెరగలేదు సరికదా, వీఎం లేవలేదు. రాత్రి తొమ్మిదింటికి నాకు ఫోన్. తీరా కీ ఎక్కడుందంటే, ప్రిన్సిపల్ గారి మెయిల్లో పది రోజులుగా తెరవని పీడీఎఫ్‌లో. హోస్ట్‌లో నేరుగా కీ వేశాక పవర్ ఆన్ పనిచేసింది.

పరిష్కారం: విసెంటర్‌లో అడ్మినిస్ట్రేషన్ కింద లైసెన్సింగ్ తెరిచి, ముందు విసెంటర్ కీ చేర్చండి. తర్వాత హోస్ట్‌ల కీలు. ఆపైన ఒక్కో హోస్ట్ మీద రైట్ క్లిక్ చేసి కనెక్ట్ ఇవ్వండి. ఈలోగా ఎవరూ ఏ వీఎంనీ ఆపకుండా చూడండి.

మూడు చేరాయి, నాలుగోది చేరట్లేదు

మీది పాత ఎసెన్షియల్స్ కిట్ (చిన్న సంస్థల కోసం వీఎంవేర్ అమ్మిన లైసెన్సుల కట్ట) అయి ఉంటుంది. మూడు హోస్ట్‌లు, ఒక్కోదానికి రెండు సీపీయూలు, అక్కడితో సరి. విసెంటర్ స్టాండర్డ్ (విసెంటర్‌లో పెద్ద లైసెన్స్) కొని పాత ఎసెన్షియల్స్ హోస్ట్‌లను దాని కిందకు తెద్దామన్నా కుదరదు, వాటి కీలూ మార్చాల్సిందే. ఆ కిట్ అమ్మకాలు ఇప్పుడు లేవు కాబట్టి నాలుగో సర్వర్ కొనే ముందే ఈ లెక్క చూసుకోండి.

ఈఎస్ఎక్స్ఐని వెర్షన్ 7 నుంచి 8కి ఎక్కించాక పాత కీ తీసుకోవడం లేదు

కీ మేజర్ వెర్షన్‌కి కట్టుబడి ఉంటుంది. 7 కీ 8 మీద పనిచేయదు. అప్‌గ్రేడ్ తర్వాత హోస్ట్ చడీచప్పుడు లేకుండా ఇవాల్యుయేషన్‌లోకి వెళ్తుంది, మళ్లీ 60 రోజుల కథే. కొత్త వెర్షన్ కీ బ్రాడ్‌కామ్ పోర్టల్ నుంచి తెచ్చుకున్నాకే అప్‌గ్రేడ్ మొదలుపెట్టండి. విసెంటర్‌ని ముందు, హోస్ట్‌లను తర్వాత.

కొన్న లైసెన్సులు లెక్కకు చాలడం లేదు

2023 నవంబర్‌లో వీఎంవేర్ బ్రాడ్‌కామ్ చేతికి వెళ్లింది. డిసెంబర్‌లో శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆగింది. ఇప్పుడంతా కోర్ల లెక్కన చందా. తప్పు జరిగేది ఒక్కో సీపీయూకి కనీసం 16 కోర్లు కట్టాలన్న షరతు దగ్గర. మీ దగ్గర మూడు సర్వర్లున్నాయనుకోండి. రెండింటిలో 12 కోర్ల సీపీయూలు రెండేసి, మూడోదానిలో 20 కోర్లవి రెండు. వాస్తవంగా ఉన్నవి 88 కోర్లు. కట్టాల్సింది 32, 32, 40 కలిపి 104కి. 88కి కొటేషన్ తెప్పించుకుని, బడ్జెట్ పాస్ చేయించుకుని, మళ్లీ మేనేజ్‌మెంట్ ముందు నిలబడటం ఎంత ఇబ్బందో అనుభవించినవాళ్లకే తెలుసు. ఒక ఊరట ఏమిటంటే, విస్ఫియర్ (ఈఎస్ఎక్స్ఐ, విసెంటర్‌ల ఉమ్మడి పేరు) చందాల్లో విసెంటర్ కలిసే వస్తుంది, విడిగా కొనక్కర్లేదు.

పాత శాశ్వత లైసెన్సులు ఉన్నవాళ్లకు లెక్క వేరు. 2020 ఏప్రిల్ నుంచి ఒక సీపీయూ లైసెన్స్ 32 కోర్ల వరకే. 48 కోర్ల సీపీయూ ఒక్కదానికి రెండు లైసెన్సులు పోతాయి.

చేరుతుంది, ఒక నిమిషంలోపే తెగిపోతుంది

ఇది మాత్రం లైసెన్స్ కాదు. హోస్ట్ పది సెకన్లకోసారి యూడీపీ (జవాబు కోసం ఆగకుండా కబురు పంపే పద్ధతి) 902 పోర్ట్ మీద విసెంటర్‌కి 'ఉన్నాను' అని చెబుతుంటుంది. దాదాపు 60 సెకన్లు ఆ కబురు అందకపోతే విసెంటర్ తెగిందనుకుంటుంది. మధ్యలో ఫైర్‌వాల్ టీసీపీని (మామూలు కనెక్షన్లు నడిచే పద్ధతిని) పోనిచ్చి, యూడీపీని ఆపేసి ఉంటుంది. 902 యూడీపీని తెరవండి, హోస్ట్‌ని మళ్లీ కనెక్ట్ చేయండి. ఇప్పుడు ఆ కేబుల్ పీకి చూసినా తప్పులేదు.