వేసవి మాక్ ట్రయల్ క్యాంపుకి ఎలా సిద్ధమవ్వాలి?

మాక్ ట్రయల్ అంటే పిల్లలే లాయర్లుగా, పిల్లలే సాక్షులుగా నడిపే ఉత్తుత్తి కేసు. అమెరికా హైస్కూళ్లలో దీనికి పెద్ద పోటీలే ఉన్నాయి. జాతీయ పోటీ 1984లో అయోవా రాష్ట్రంలోని డిమోయిన్‌లో మొదలైంది. స్కూలు ఏడాదిలో ఆ జట్టులో చోటు కోసం ఎదురుచూసేవాళ్లకి, అసలు ఇదేమిటో తెలుసుకోవాలనుకునేవాళ్లకి వేసవి క్యాంపు మంచి దారి. కేసు ఫైలు ఇస్తారు, లాయర్లో లా విద్యార్థులో నేర్పిస్తారు, చివర్లో పూర్తి విచారణ ఉంటుంది.

1. చేరే ముందు ఒక్క ప్రశ్న అడగండి. "రోజుకి ఎంతసేపు నేను లేచి నిలబడి మాట్లాడతాను?" కోర్టు సందర్శన, లాయర్ల ఉపన్యాసాలు బాగానే ఉంటాయి. కానీ ఇది ఈత లాంటిది, గట్టు మీద కూర్చుంటే రాదు.

2. ఫైలు మూడుసార్లు చదవండి. మొదటిసారి కథలా, రెండోసారి ప్రాసిక్యూషన్ లాయరులా, మూడోసారి డిఫెన్స్ లాయరులా. పోటీల్లో ఒక రౌండులో ఒక పక్షం, ఇంకో రౌండులో అవతలి పక్షం వాదించాల్సి వస్తుంది కాబట్టి ఏదో ఒక పక్షం మీద మనసు పారేసుకోకండి. వాంగ్మూలాల్లో లేని సంగతులు మీకూ లేనట్టే. ఇంటర్నెట్‌లో వెతికి తెచ్చిన పాయింట్లు కోర్టులో చెల్లవు.

3. ముగింపు వాదన ముందు రాయండి. తలకిందులుగా అనిపిస్తుంది కానీ, నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. చివర్లో మీరు జడ్జికి ఏం చెప్పాలనుకుంటున్నారో అర పేజీలో రాసుకోండి. ప్రతి వాక్యం పక్కన "ఇది ఏ సాక్షి నోట రావాలి?" అని గుర్తు పెట్టుకోండి. మీ ప్రశ్నల జాబితా సగం అక్కడే తయారైపోతుంది. ఆ అర పేజీకి పనికిరాని ప్రశ్న ఎంత తెలివైనదైనా కొట్టేయండి.

4. మీ సాక్షిని మాట్లాడనివ్వండి. ఏం చూశారు, అప్పుడు ఎక్కడున్నారు, తర్వాత ఏం జరిగింది? ఇలాంటి చిన్న ప్రశ్నలు చాలు. జవాబు మీరే అందిస్తే అవతలివాళ్లు "లీడింగ్" అని లేస్తారు.

5. క్రాస్‌లో, అంటే అవతలి పక్షం సాక్షిని మీరు ప్రశ్నించేటప్పుడు, ప్రశ్నలు అడగకండి, ఒప్పించండి. ఉదాహరణకి, స్కూలు విరాళాల డబ్బు పోయింది. మూసిన తలుపు అవతల నిందితుడి గొంతు విన్నానని సాక్షి చెప్పింది.

"తలుపు మూసే ఉంది కదా?"
"అవును."
"పక్క గదిలో బ్యాండ్ ప్రాక్టీసు జరుగుతోంది కదా?"
"అవును."
"మీరు తలుపు తీసి చూడలేదు కదా?"
"లేదు."

ఇక్కడ కూర్చోవాలి. కానీ చాలామందికి ఇంకో అడుగు వేయాలని నాలుక దురద పెడుతుంది. "మరి లోపలున్నది అతనేనని ఎలా చెప్పగలరు?" అంటారు. "రెండేళ్లుగా అతని పక్కనే నిలబడి పాడుతున్నాను, ఆ గొంతు గుర్తుపట్టలేనా?" అంటుంది సాక్షి. అంతే, మీరు కట్టిందంతా కూలింది. ఆ చివరి ప్రశ్నకి చోటు ముగింపు వాదనలో. అక్కడ జవాబు చెప్పడానికి సాక్షి ఉండదు.

సాక్షి వాంగ్మూలానికి భిన్నంగా మాట్లాడితే వాదించకండి, గొంతు పెంచకండి. సంతకం తనదేనని ఒప్పించి, పేజీ, వరుస చెప్పి, ఆ వాక్యం చదివి వినిపించండి.

6. అబ్జెక్షన్ వెనక కారణం ఉండాలి. సినిమాల్లోలా "అబ్జెక్షన్ యువరానర్" అని అరిచి ఊరుకుంటే కుదరదు. లీడింగ్, ఊహాగానం, సంబంధం లేనిది, హియర్‌సే: ముందు ఈ నాలుగూ నేర్చుకోండి. ఎక్కువ తికమక పెట్టేది హియర్‌సేనే. కోర్టు బయట ఎవరో అన్న మాటని, ఆ మాట నిజమని రుజువు చేయడానికి వాడితే అది హియర్‌సే. అయితే నిందితుడు స్వయంగా అన్న మాటని ప్రాసిక్యూషన్ అతని మీదే వాడితే అది హియర్‌సే కిందికి రాదు. ఈ ఒక్కటి తెలిస్తే జడ్జి చేత "ఓవర్‌రూల్డ్" (అబ్జెక్షన్ చెల్లదు) అనిపించుకునే టెన్షన్ చాలా తగ్గుతుంది.

7. సాక్షి వేషం వస్తే మొహం మాడ్చుకోకండి. సాక్షులకీ మార్కులుంటాయి. వాంగ్మూలం బట్టీ పట్టినట్టు అప్పజెప్పకుండా, ఆ మనిషి ఎలా మాట్లాడతాడో అలా మాట్లాడండి. క్రాస్‌లో ఒప్పుకోవాల్సింది వెంటనే ఒప్పుకోండి. మొండికేసే సాక్షిని ఎవరూ నమ్మరు. ఫైలులో లేని పెద్ద సంగతి కల్పిస్తే మీ జట్టుకే దెబ్బ.

8. చివరి విచారణకి ముందు రోజు గడియారం పెట్టుకుని మొత్తం నడిపి చూడండి. ప్రారంభ ప్రసంగానికి పోటీల్లో సాధారణంగా 5 నిమిషాలే ఇస్తారు, కాబట్టి కాగితం చూసి చదవకండి. తీర్పు ఎటు వచ్చినా మార్కులు మీ వాదనకే. జడ్జి స్కోరు షీటు మీద రాసిన వ్యాఖ్యలు అడిగి తీసుకుని కేసు ఫైలులోనే దాచుకోండి, స్కూలు జట్టు ఎంపికకి వెళ్లేటప్పుడు తీసి చూసుకోవచ్చు.