దోస్త్‌లో బీఎస్సీ ఆప్షన్లు పెట్టేముందు

దోస్త్ అంటే తెలంగాణలో డిగ్రీ సీట్లిచ్చే ఆన్‌లైన్ సైట్. అందులో కాలేజీ పేరు చూసి కాదు, కోర్సు చూసి పోల్చండి. ఒకే సర్కారు కాలేజీలో రెండు రకాల ఫీజులు ఉంటాయి. ఎంపీసీ, బీజెడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) లాంటి పాత కాంబినేషన్లు చవక. మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ, డేటా సైన్స్ చాలాచోట్ల సెల్ఫ్ ఫైనాన్స్ (విద్యార్థుల ఫీజుతోనే నడిచే కోర్సులు) కిందికి వస్తాయి, ఫీజు కొన్ని రెట్లు ఎక్కువ. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. దోస్త్ సైట్‌లో కోర్సు పక్కనున్న ఫీజు అంకె చూడకుండా ఆప్షన్ నొక్కొద్దు.

హన్మకొండలో చూడాల్సిన కాలేజీలు కాకతీయ ప్రభుత్వ కళాశాల, సుబేదారి యూనివర్సిటీ ఆర్ట్స్ అండ్ సైన్స్ కళాశాల, అమ్మాయిలకైతే పింగిళి ప్రభుత్వ మహిళా కళాశాల. కరీంనగర్‌లో ఎస్సారార్, నిజామాబాద్‌లో గిరిరాజ్ ప్రభుత్వ కళాశాలలు. డిగ్రీ పట్టా మొదటి మూడింటికి కాకతీయ, ఎస్సారార్‌కు శాతవాహన, గిరిరాజ్‌కు తెలంగాణ యూనివర్సిటీలది. ఈ రాష్ట్ర యూనివర్సిటీల్లో ఎమ్మెస్సీకి అందరూ సీపీగెట్ (పీజీ ఉమ్మడి ప్రవేశ పరీక్ష) రాయాల్సిందే, కాబట్టి పట్టా పేరు కోసం ఊరు మారనక్కర్లేదు.

ఒక పూట కాలేజీకి వెళ్లి కెమిస్ట్రీ ల్యాబ్ చూడండి. బ్యూరెట్లు దుమ్ము పట్టి ఉన్నాయా, సింకులో నీళ్లొస్తున్నాయా? ఒక్కో ల్యాబ్ బ్యాచ్‌లో ఎంతమందో సీనియర్లనే అడగండి. కాలేజీల నాణ్యతకు న్యాక్ సంస్థ ఇచ్చే గ్రేడు ఇవేవీ చెప్పదు.

ఖర్చు లెక్కలో హాస్టల్ మెస్ బిల్లు, బస్ పాస్ కూడా వేయండి. తరచూ ఫీజు కన్నా అవే ఎక్కువ. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు (సర్కారు ఫీజు కట్టే పథకం) కుటుంబ ఏడాది ఆదాయ పరిమితి ఎస్సీ, ఎస్టీలకు 2 లక్షలు. బీసీలకు పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు. ఆదాయ సర్టిఫికెట్ ముందే తీసుకోండి. దోస్త్ రిజిస్ట్రేషన్ కోసం ఆధార్‌కు మొబైల్ నంబర్ లింకై ఉండాలి. సీటొచ్చాక గడువులోగా సెల్ఫ్ రిపోర్టింగ్ (సీటు తీసుకుంటున్నట్టు ఆన్‌లైన్‌లో ఖాయం చేయడం) చేయకపోతే అది పోయినట్టే.