చెన్నై ఎండలో క్లాస్ ఏ: 1969 నాటి లిన్స్‌లీ హుడ్ ఆంప్లిఫయర్ ఇంట్లో కట్టుకోవడం

ముందే చెప్పేస్తాను, ఇది ఛానెల్‌కి 10 వాట్ల ఆంప్లిఫయర్. సబ్బుపెట్టె సైజు బోర్డులు 100 వాట్లంటూ అమ్ముతున్న రోజుల్లో, నాలుగైదు కిలోల అల్యూమినియం మోసుకొచ్చి 10 వాట్లు తెచ్చుకోవడం ఏంటని మా రూమ్మేట్ ఇప్పటికీ అడుగుతుంటాడు. వాడికి నేను చెప్పేది ఒకటే, ఛానెల్‌కి నాలుగే ట్రాన్సిస్టర్లురా, ఏ తీగలో ఏం పారుతోందో మొత్తం బుర్రలో పడుతుంది, పైగా వింటే వదలబుద్ధి కాదు.

డిజైన్ జాన్ లిన్స్‌లీ హుడ్‌ది. 1969 ఏప్రిల్‌లో బ్రిటన్‌లోని వైర్‌లెస్ వరల్డ్ పత్రికలో వచ్చింది. అంతకుముందు మంచి ఆంప్లిఫయర్ అంటే 1947లో అదే పత్రికలో వచ్చిన విలియమ్‌సన్ వాల్వ్ (గాజు గొట్టాల) సర్క్యూటే కొలమానం, ఈయన దాని పక్కన నిలబడగలిగేది ట్రాన్సిస్టర్లతో చేసి చూపించాడు. మామూలు ఆంప్లిఫయర్లలో సిగ్నల్ పై సగాన్ని ఒక ట్రాన్సిస్టర్, కింది సగాన్ని ఇంకోటి మోస్తాయి, చేతులు మారే చోట చిన్న గతుకు పడుతుంది. క్లాస్ ఏలో రెండూ ఎప్పుడూ డ్యూటీలోనే ఉంటాయి కాబట్టి ఆ గతుకు ఉండదు. దానికి కట్టే మూల్యం వేడి. పాట ఆగిపోయినా, వాల్యూమ్ సున్నాలో ఉన్నా, 27 వోల్టుల దగ్గర 1.2 ఆంపియర్లు పారుతూనే ఉంటాయి, అంటే ఒక్కో ఛానెల్ 32 వాట్ల చిన్న హీటర్. రెండు ఛానెళ్ళకి 65 వాట్లు, పవర్ సప్లైలో పోయేది కూడా కలిపితే గోడ సాకెట్ నుంచి 90 దాకా లాగుతుంది. రోజుకి మూడు గంటలు వింటే నెలకి 8 యూనిట్లు, అదేమంత కాదు. అసలు చిక్కు కరెంటు బిల్లు కాదు, మే నెల.

హుడ్ గారి ఊళ్ళో గది 20 డిగ్రీలుండొచ్చు. మన వేళచ్చేరి మూడో అంతస్తులో, పైన ఎండకి కాలిన స్లాబు, మధ్యాహ్నం గదిలోనే 38. అందుకే నా లెక్క హీట్ సింక్ (ట్రాన్సిస్టర్ల వేడిని గాలికి వదిలే అల్యూమినియం రెక్కల దిమ్మ) దగ్గర మొదలవుతుంది, ట్రాన్సిస్టర్ల దగ్గర కాదు. ఛానెల్‌కి 32 వాట్లు, సింక్ ఒక్కో వాట్‌కి 0.8 డిగ్రీలు వేడెక్కే రకమైతే గది కంటే 26 డిగ్రీలు పెరుగుతుంది, 38కి 26 కలిపితే 64, వేలు ఆనించి ఉంచలేరు. 0.5 డిగ్రీలదైతే 16 పెరిగి 54 దగ్గర ఆగుతుంది, వేలు ఓ ఐదు సెకన్లు ఓర్చుకుంటుంది. నేను వాడిన పవర్ ట్రాన్సిస్టర్ 2ఎన్3055 లోపల 200 డిగ్రీల దాకా తట్టుకోగలదు, దానికేం కాదు, కానీ పక్కనుండే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు అలా కాదు, ప్రతి 10 డిగ్రీలకి వాటి ఆయుష్షు దాదాపు సగమైపోతుంది. కెపాసిటర్లన్నీ 105 డిగ్రీలవే అడిగి తీసుకోండి, 85వి వద్దు, వాటిని సింక్‌కి దూరంగా పెట్టండి.

సింక్ కొత్తది కొనక్కర్లేదు. మౌంట్ రోడ్ దగ్గర రిచీ స్ట్రీట్‌లో సందుల్లోకి వెళ్తే పాత ఇన్వర్టర్లు, యూపీఎస్‌లు విప్పి అమ్మే చోట్ల రెక్కల సింకులు కిలో లెక్కన ఇస్తారు. నేను తెచ్చుకున్నవి 20 సెంటీమీటర్ల వెడల్పు, 15 ఎత్తు, రెక్కలు 4 సెంటీమీటర్లు, ఛానెల్‌కి ఒకటి. బిగించేటప్పుడు రెక్కలు నిలువుగా ఉండాలి, వేడి గాలి పైకి పోయే దారి అది, చాలామంది అందం కోసం అడ్డంగా పడుకోబెడతారు.

అదే వీధిలో ట్రాన్సిస్టర్లు కూడా. హుడ్ వాడినవి ఎంజే480, ఎంజే481, అవిప్పుడు వెతుక్కోవడం దండగ, అందరూ 2ఎన్3055 వాడతారు. నకిలీలు మాత్రం గుట్టలుగా ఉన్నాయి. "ఒరిజినలా అన్నా?" అని అడిగితే షాపతను నా యాస పట్టేసి తెలుగులోనే, "తమ్ముడూ, నీకు ఏ ఒరిజినల్ కావాలి, తక్కువదా ఎక్కువదా?" అన్నాడు. నిజాయితీపరుడు. నేను ఎనిమిది తీసుకున్నాను, ఇంటికొచ్చి కొలిచి నాలుగు ఎంచుకున్నాను.

కొలవడానికి మల్టీమీటర్‌లోని హెచ్‌ఎఫ్‌ఈ (గెయిన్, అంటే లోపలికిచ్చిన కరెంటుని ట్రాన్సిస్టర్ ఎన్ని రెట్లు చేస్తుందో) సాకెట్ పనికిరాదు, అది చాలా చిన్న కరెంటు దగ్గర కొలుస్తుంది, మనకి కావలసింది ఆంపియర్ దగ్గరి సంగతి. 5 వోల్టుల, 2 ఆంపియర్ల ఫోన్ ఛార్జర్ ఒకటి తీసుకోండి. ట్రాన్సిస్టర్‌కి మూడు కొసలు, ఎమిటర్, బేస్, కలెక్టర్. ఎమిటర్ మైనస్‌కి, ప్లస్ నుంచి 430 ఓమ్‌ల రెసిస్టర్ ద్వారా బేస్‌కి, అంటే బేస్‌లోకి 10 మిల్లీ ఆంపియర్లు. కలెక్టర్‌కి ప్లస్ నుంచి మల్టీమీటర్ 10 ఆంపియర్ల రేంజ్ గుండా కలపండి. మీటర్ 0.6 చూపిస్తే గెయిన్ 60, 0.85 అయితే 85. రెండు మూడు సెకన్లలో చూసి తీసేయండి, ఎక్కువసేపు ఉంచితే వేడెక్కి అంకె పాకుతుంది. నా ఎనిమిదిలో రెండు 30 దాటలేదు, పక్కన పడేశాను. మిగిలినవాటిలో దగ్గర దగ్గర అంకెలున్న వాటిని జతలు చేసుకోవాలి.

ఇక సర్క్యూట్. రెండు 2ఎన్3055లు ఒకదానిమీద ఒకటి: పైదాని కలెక్టర్ 27 వోల్టులకి, కిందిదాని ఎమిటర్ గ్రౌండ్‌కి, రెండూ కలిసే చోటు అవుట్‌పుట్. మధ్యలో డ్రైవర్, అప్పట్లో 2ఎన్1711 లాంటివి, నేను బీడీ139 వేశాను, దాని కలెక్టర్ పైదాని బేస్‌కి, ఎమిటర్ కిందిదాని బేస్‌కి. ఒకటి తెరుచుకుంటుంటే ఇంకోటి మూసుకునేలా చూసేది ఈ బీడీ139యే. నాలుగోది ఇన్‌పుట్‌లో ఉండే పీఎన్‌పీ (మిగతా మూడిటికీ ప్లస్ మైనస్‌లు తిరగబడ్డ రకం), 2ఎన్3906. అవుట్‌పుట్ నుంచి దాని ఎమిటర్‌కి 2.7 కిలో ఓమ్‌లు, అక్కణ్ణుంచి 220 ఓమ్‌లు ఒక కెపాసిటర్ ద్వారా గ్రౌండ్‌కి, కాబట్టి మొత్తం ఆంప్లిఫయర్ వోల్టేజ్ గెయిన్ 13 చిల్లర, 0.66 వోల్టుల సిగ్నల్ వస్తే 8 ఓమ్‌ల స్పీకర్‌లో పూర్తి 10 వాట్లు. ముందర ప్రీఆంప్ అక్కర్లేదు, 10 కిలో ఓమ్‌ల లాగ్ వాల్యూమ్ పాట్ చాలు. మిగతా చిన్న రెసిస్టర్లు అసలు డ్రాయింగ్‌లో ఉన్నట్టే వేసుకోండి, అక్కడ తెలివి ప్రదర్శించి లాభం లేదు. బీడీ139 కాళ్ళు మాత్రం జాగ్రత్త, మధ్యది కలెక్టర్, పాత గుండ్రటి ట్రాన్సిస్టర్ల వరుస వేరు.

నేను మార్చింది ఒక్కచోటే. 27 వోల్టుల నుంచి పైదాని బేస్‌కి హుడ్ 100 ఓమ్‌లు, 560 ఓమ్‌లు వరుసగా వేసి, ఆ రెండిటి నడుమ బిందువుకి అవుట్‌పుట్ నుంచి 250 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్ కలిపాడు. నిలకడ కరెంటు ఎంతన్నది ఈ రెసిస్టర్లు, ట్రాన్సిస్టర్ల గెయిన్ కలిసి తేలుస్తాయి. మీ 2ఎన్3055ల గెయిన్ ఎంతో హుడ్‌కి తెలీదు కదా. అందుకే 560 బదులు 100 ఓమ్‌ల రెసిస్టర్, దాని వెనక 500 ఓమ్‌ల మల్టీటర్న్ ప్రీసెట్ (స్క్రూడ్రైవర్‌తో చాలా చుట్లు తిప్పి ఓమ్‌లు మార్చుకునే రెసిస్టర్) పెట్టాను. కెపాసిటర్ 220 మైక్రోఫారడ్‌లది వేసినా తేడా తెలియదు. స్పీకర్‌కి వెళ్ళే దారిలో 4700 మైక్రోఫారడ్‌లు, 50 వోల్టులది. ఆన్ చేయగానే స్పీకర్‌లో 'థప్' అంటుంది, అయినా ఆ కెపాసిటర్ ఉన్నంతకాలం ఆంప్లిఫయర్ కాలినా డీసీ స్పీకర్ దాకా పోదు, మొదటిసారి కట్టేవాళ్ళకి ఇంతకంటే ఏం కావాలి.

పవర్ సప్లైకి రెండు దారులు. ఒకటి 24 వోల్టుల, 5 ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్, ఏసీని డీసీ చేసే 35 ఆంపియర్ల బ్రిడ్జ్, 10,000 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్లు రెండు, వాటి తర్వాత ఇంకో 2ఎన్3055, బీడీ139 జతగా కెపాసిటెన్స్ మల్టిప్లయర్. కెపాసిటర్లే ఉంటే 1 వోల్టు పైచిలుకు రిపుల్ (డీసీలో మిగిలే అల) మిగిలి స్పీకర్‌లో గుయ్‌మంటుంది, మల్టిప్లయర్ దాన్ని మింగేస్తుంది, తనూ కాస్త వేడెక్కుతుంది కాబట్టి దానికీ సింక్ కావాలి. రెండో దారి ఎల్‌ఈడీ స్ట్రిప్‌లకి అమ్మే 24 వోల్టుల ఎస్‌ఎమ్‌పీఎస్ (రెడీమేడ్ స్విచింగ్ పవర్ సప్లై). దీంతో 7 వాట్ల దగ్గర ఆగుతుంది, కరెంటు 1 ఆంపియర్ పెట్టుకుంటే చాలు. మెయిన్స్ వైరింగ్ అలవాటు లేకపోతే దీంతోనే మొదలుపెట్టండి, నేనూ అదే చేశాను. రేకు డబ్బా రకాలకి 230 వోల్టుల స్క్రూలు బయటికే ఉంటాయి, వాటి మీద మూత, ఎర్త్ వైరు, ఫ్యూజు లేకుండా ప్లగ్ పెట్టొద్దు.

ట్రాన్స్‌ఫార్మర్ వాడేవాళ్ళకి ఒక మాట. సిరీస్ బల్బ్‌తో (షార్ట్ ఉంటే వెలిగేలా మెయిన్స్‌కి వరుసగా బల్బు పెట్టి) టెస్ట్ చేసే అలవాటుంటే, సప్లైని ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రమే అలా టెస్ట్ చేయండి. ఆంప్లిఫయర్ తగిలించాక అది ఎలాగూ 90 వాట్లు లాగుతుంది, అంతా బాగున్నా బల్బు ఎర్రగా వెలుగుతూనే ఉంటుంది, షార్టేమో అని మీరు రాత్రంతా వెతుకుతూ కూర్చుంటారు.

నేను కూర్చున్నది మాత్రం నిజం షార్ట్ కోసం. 2ఎన్3055 ఒళ్ళంతా కలెక్టరే, పైదాని ఒంటి మీద పూర్తి సప్లై వోల్టేజ్ ఉంటుంది, సింక్‌కి తగలకుండా కింద మైకా రేకు, స్క్రూలకి ప్లాస్టిక్ బుష్‌లు వేయాలి. అన్నీ వేశాను, మైకాకి రెండువైపులా థర్మల్ పేస్ట్ పూశాను, బిగించాను, ట్రాన్సిస్టర్ ఒళ్ళు సింక్‌కి తగిలిందేమో అని మల్టీమీటర్ పెట్టి చూస్తే బీప్ అనలేదు. స్విచ్ వేస్తే ఎస్‌ఎమ్‌పీఎస్ టిక్... టిక్... టిక్ అంటూ గోడ గడియారంలా మొదలెట్టింది, అంటే ఎక్కడో షార్ట్, అది ఆగి మళ్ళీ ప్రయత్నిస్తోంది. ఆపి కొలిస్తే ఈసారి బీప్. విప్పి మైకాని ట్యూబ్‌లైట్‌కి అడ్డంగా పట్టుకుని చూస్తే రంధ్రం అంచున సూదిపోటంత వెలుగు. డ్రిల్ చేసిన చోట అల్యూమినియం అంచు ఒక వెంట్రుకంత పైకి లేచి ఉంది, మొదట తగల్లేదు, స్క్రూ ఇంకో పావు చుట్టు బిగించాక మైకాని పొడిచేసింది. అప్పట్నుంచీ ప్రతి రంధ్రం అంచునీ పెద్ద డ్రిల్ బిట్‌తో చేత్తో తిప్పి గీకుతాను, వేలి కొసతో కాదు, గోరుతో గీసి చూస్తాను. గోరుకి తగిలితే మైకాకి తగిలినట్టే. బీప్ టెస్ట్ బిగించిన వెంటనే ఒకసారి, పూర్తిగా బిగుసుకున్నాక ఒకసారి.

ఇప్పుడు సెట్టింగ్. స్పీకర్ వద్దు, దాని చోట 8 ఓమ్‌లు, 10 వాట్ల రెసిస్టర్. ఇన్‌పుట్ షార్ట్. సప్లై వైరులో 0.1 ఓమ్, 5 వాట్ల రెసిస్టర్ వరుసగా పెట్టి దాని రెండు కొసల మధ్య మిల్లీ వోల్టులు చూడండి, 120 మిల్లీ వోల్టులంటే 1.2 ఆంపియర్లు. కరెంటు ప్రీసెట్‌ని ముందు ఎక్కువ ఓమ్‌ల వైపు తిప్పి ఉంచి స్విచ్ వేయండి. మొదట రెండు 2ఎన్3055లు కలిసే చోటు సప్లైలో సగం ఉండాలి, 27కి 13.5, ఇన్‌పుట్ ట్రాన్సిస్టర్ బేస్ దగ్గరి ప్రీసెట్‌తో అది సరిచేయండి. తర్వాత కరెంటు మెల్లగా 0.5కి తెచ్చి వదిలేయండి. అరగంటలో అంకె దానంతటదే పెరుగుతుంది, వేడెక్కేకొద్దీ గెయిన్ పెరుగుతుంది మరి. అప్పుడు 0.9, ఇంకో అరగంట, అప్పుడు 1.2, మళ్ళీ ఓసారి ఆ సగం వోల్టేజ్ చూసుకోండి.

చల్లటి సాయంత్రం, సీలింగ్ ఫ్యాన్ ఐదులో తిరుగుతుండగా 1.2 పెట్టేసి సంబరపడితే, మధ్యాహ్నం ఫ్యాన్ ఆగిన గంటకి అది 1.4 దాకా పాకుతుంది, నాకదే జరిగింది. గదిలో అతి వేడి సమయం చూసుకుని, ఫ్యాన్ ఆపి, చెమటలు కక్కుతూ చేయాల్సిన పని ఇది. అప్పుడు 1.2 పెడితే డిసెంబర్ వానల్లో 1.1 ఉంటుంది, దాంతో ఇబ్బంది లేదు.

స్పీకర్ కలిపేముందు అవుట్‌పుట్ దగ్గర 10 ఓమ్‌ల రెసిస్టర్, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ వరుసగా గ్రౌండ్‌కి వేయండి. ఆసిల్లోస్కోప్ లేని మనలాంటివాళ్ళకి ఇది మీటర్‌లా కూడా పనిచేస్తుంది, పాట ఏమీ లేకుండానే ఆ 10 ఓమ్‌ల రెసిస్టర్ కాలుతోందంటే ఆంప్లిఫయర్ చెవికి వినపడని ఫ్రీక్వెన్సీలో ఊగుతోందన్నమాట. బేస్ వైర్లు పొడవుగా ఉంటే అలా జరుగుతుంది, బోర్డుని సింక్‌కి దగ్గరగా జరిపి వైర్లు కత్తిరించండి. హమ్ (గుయ్‌మనే మోత) వస్తే గ్రౌండ్‌లన్నీ సప్లై కెపాసిటర్ మైనస్ దగ్గర ఒకే చోట కలిశాయో లేదో చూడండి, నూటికి తొంభై సార్లు అదే.

మొన్న డిసెంబర్‌లో నెల్లూరు నుంచి అమ్మ వచ్చింది, వాన తగ్గడం లేదు, బట్టలు ఆరడం లేదు. ఆఫీసు నుంచి వచ్చేసరికి కుడి ఛానెల్ రెక్కల మీద నా సాక్సులు. "వెచ్చగా ఉంది కదరా, ఖాళీగా ఉందని పెట్టా" అంది. కాబట్టి డబ్బా పైమూతకి చిల్లుల రేకు వేయండి, సింకులకీ దానికీ మధ్య రెండు అంగుళాలు వదిలి. మొదటి వారం వేడెక్కి చల్లారాక ట్రాన్సిస్టర్ స్క్రూలు కొద్దిగా వదులవుతాయి, ప్లగ్ పీకి మరోసారి బిగించి, బీప్ టెస్ట్ చేసి, అప్పుడు మూత వేయండి.